ఉద్యోగం మానకుండా, ఊరు మారకుండా తీరికగా బతకడం ఎలా

తీరికగా బతకాలంటే హైదరాబాద్ వదిలేసి వికారాబాద్ వైపు రెండెకరాలు కొనుక్కుని ఆవుల్ని పెంచుకోవాలని చాలామంది అనుకుంటున్నారు. అలా వెళ్లగలిగినవాళ్లు వెళ్లొచ్చు, సంతోషమే. కానీ ఇది వాళ్ల కోసం రాస్తున్నది కాదు. పొద్దున ఏడున్నరకి స్కూల్ బస్సు ఎక్కాల్సిన పిల్లలు, ప్రతి నెలా ఐదో తారీఖున ఖాతాలోంచి పోయే ఈఎంఐ, బీపీ మాత్రలు వేసుకునే అమ్మానాన్నలు, రానూ పోనూ మూడు గంటలు పట్టే ఆఫీసు, ఇవన్నీ ఉండి, రేపు కూడా ఇవన్నీ ఉంటాయని తెలిసి, అయినా పొద్దున లేచింది మొదలు ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టు బతకడం ఇంక చాలు అనుకునేవాళ్ల కోసం.

నేను నమ్మే విషయం ముందే చెప్పేస్తాను. పనులు తగ్గినంత మాత్రాన తీరిక దానంతటది రాదు, రిటైరయ్యాక కూడా హడావుడిగానే ఉండేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. ఒక పనికీ ఇంకో పనికీ మధ్య కాస్త ఖాళీ ఉంచితే వస్తుంది. ఆ ఖాళీ ఇంట్లో ఒక్కరికే దొరికితే మాత్రం ఇంకొకరు డబుల్ డ్యూటీ చేస్తున్నారని అర్థం. కింద చెప్పేవన్నీ ఈ రెండు మాటల చుట్టూనే తిరుగుతాయి. వరసగా చేయండి, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కనీసం రెండు వారాలు ఆగండి. అన్నీ ఒకే సోమవారం మొదలుపెడితే గురువారానికి ఏదీ మిగలదు.

ముందు ఒక వారం ఊరికే రాసుకోండి

ఈ వారం ఏమీ మార్చకండి. ఒక చిన్న నోటుబుక్కు తీసుకుని, రాత్రి పడుకునే ముందు, ఆ రోజు ఎక్కడెక్కడ హడావుడి పడ్డారో, ఎవరి మీద గొంతు పెంచారో, ఏం నిలబడి తిన్నారో, ఏది మర్చిపోయారో రాయండి. ఫోనులో కాకుండా కాగితం మీదే రాయండి, ఎందుకంటే రాద్దామని ఫోను తీస్తే ఇంకేదో చూస్తూ అరగంట అందులోనే పోతుంది.

వారం అయ్యాక చదివితే మీకే తెలుస్తుంది, రోజంతా హడావుడి ఉండదు. రెండు మూడు చోట్లే ఉంటుంది, ఆ రెండు మూడు చోట్లే మిగతా రోజునంతా పాడుచేస్తుంటాయి. చాలా ఇళ్లలో ఒకటి పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా. ఇంకొకటి సాయంత్రం ఇంటికి రాగానే మొదటి అరగంట, చెప్పులు విప్పుతూనే హోంవర్క్ అయిందా అని అడిగే ఆ అరగంట. వాటి పక్కన కారణం కూడా రాయండి. పొద్దుటి హడావుడికి కారణం చాలాసార్లు ముందు రోజు రాత్రి దొరుకుతుంది: ఇస్త్రీ చేయని యూనిఫాం, టిఫిన్ ఏంటో అనుకోకపోవడం, పన్నెండున్నర దాకా ఫోను చూడటం.

కొత్తవి మొదలుపెట్టకండి, ఉన్నవి తీసేయండి

తీరిక కావాలనగానే చాలామంది చేసే మొదటి పని ఇంకో పని నెత్తిన వేసుకోవడం. పొద్దున యోగా క్లాసు, ధ్యానం నేర్పే యాప్, మిద్దె తోట. అన్నీ మంచివే. కానీ ఇప్పటికే సందు లేని రోజులో వీటిని ఇరికిస్తే ఇవీ పరుగెత్తి చేయాల్సిన పనులే అవుతాయి. యోగాకి లేటైందని స్కూటీ మీద టెన్షన్ పడుతూ వెళ్లేవాళ్లున్నారు. అందుకే మొదటి నెల ఏదీ కలపకండి. నోటుబుక్కులో రాసుకున్నవాటిలోంచి మూడు తీసేయండి, చాలు.

ఏవి తీయాలి? తెలుగు ఇళ్లలో సెలవు రోజుల్ని ఎక్కువగా తినేసేవి, ఎవరూ పైకి అనరు గానీ, ఫంక్షన్లు. మాఘం, వైశాఖం, శ్రావణం వచ్చాయంటే ప్రతి ఆదివారం ఎవరిదో గృహప్రవేశం, ఎవరి పాపదో ఓణీల ఫంక్షన్, ఎవరిదో పెళ్లి. వెళ్తాం, లైన్లో నిలబడి స్టేజీ ఎక్కి కవరు ఇచ్చి ఫోటో దిగుతాం, ప్లేటు చేత్తో పట్టుకుని తింటాం, వచ్చేస్తాం. రానూ పోనూ కలిపి నాలుగు గంటలు, పిలిచినవాళ్లతో మాట్లాడింది మహా అయితే రెండు నిమిషాలు. ఇది బంధుత్వం నిలబెట్టడం అని నేననుకోను, హాజరు వేయించుకోవడం.

నెల మొదట్లో వచ్చిన శుభలేఖలన్నీ ముందు పెట్టుకుని ఇంట్లోవాళ్లంతా కూర్చోండి. తప్పక వెళ్లాల్సినవి విడిగా పెట్టండి, అన్నదమ్ముల పిల్లలవి, మీ కష్టంలో వచ్చి నిలబడినవాళ్లవి, మీరు రాకపోతే నిజంగా బాధపడేవాళ్లవి. వాటికి ముందు రోజే వెళ్లి పని కూడా అందుకోండి. మిగతావాళ్లకి ఫంక్షన్‌కి ముందే ఫోన్ చేయండి, అయిపోయాక కాదు. "వదినా, ఆ రోజు రాలేకపోతున్నాం, ఏమీ అనుకోకు. ఆషాఢంలో ఒక ఆదివారం నీ కొత్తింటికి భోజనానికొస్తాం, పప్పు, చారు చేయి చాలు, ఇంకేం వద్దు" అనండి. ఒంట్లో బాలేదని, ఆఫీసులో పనుందని అబద్ధాలొద్దు, అబద్ధం చెప్తే అది గుర్తుపెట్టుకోవడం ఇంకో పని. ఆషాఢం, పుష్యం, మూఢం రోజుల్లో ముహూర్తాలు ఉండవు కాబట్టి ఎవరింట్లోనైనా కాస్త ఖాళీ దొరుకుతుంది, ఈ తీరిక విషయంలో మన పంచాంగం మనకి బాగా పనికొస్తుంది. అప్పుడు నిజంగా వెళ్లాలి సుమా. వెళ్లి రెండు గంటలు కూర్చుని, ఇల్లంతా చూసి, కిందటేడు వాళ్ల నాన్నకి ఆపరేషన్ అయినప్పటి సంగతులు తీరిగ్గా అడిగితే, పెళ్లి పందిట్లో ఇచ్చిన కవరు కంటే అది ఎక్కువ రోజులు గుర్తుంటుంది. చావు, జబ్బు అయితే మాత్రం ఈ లెక్కలేవీ వేయకండి, వెంటనే వెళ్లండి.

రెండోది పిల్లల క్లాసులు. ట్యూషన్, అబాకస్, కరాటే, డ్రాయింగ్, ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్. బడి కాకుండా పిల్లకి ఒకటి ఉంచండి, అది కూడా తను అడిగినది. మిగతా సాయంత్రాలు "బోర్ కొడుతోంది" అంటుంది, అననివ్వండి, టీవీ పెట్టకండి, మీరు కొత్త ఆట వెతికి ఇవ్వకండి. కొన్నాళ్లకి కింద అపార్ట్‌మెంట్‌లో పిల్లల్ని పోగేసుకుంటుంది.

మూడోది మీరే వెతుక్కోండి.

రాత్రి చేసే ఇరవై నిమిషాల పని

పొద్దుటిని బాగుచేయాలంటే రాత్రి మొదలుపెట్టాలి. బట్టలు, బ్యాగులు, బూట్లు, తాళంచెవులు రాత్రే ఒకచోట. రేపటి కూర ఏంటో రాత్రే అనుకుని, బెండకాయలైతే కడిగి తుడిచి ఆరబెట్టుకోవడం, చిక్కుడుకాయలైతే ఈనెలు తీసి డబ్బాలో పెట్టుకోవడం. ఈనెలు తీయడం మంచి పని, నలుగురూ చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటూ చేయొచ్చు.

టిఫిన్ల సంగతికొస్తే, మన వంటింట్లో తమ టైం తాము తీసుకునే పదార్థాలు బోలెడు ఉన్నాయి. ఒక గ్లాసు మినప్పప్పు పొద్దున నానబోసి, సాయంత్రం రుబ్బి, కడిగి పిండిన రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కలిపి మూతపెడితే, ఎండాకాలం ఎనిమిది గంటల్లో పొంగుతుంది, చలికాలం పన్నెండు గంటలు దాటినా పడుతుంది. మీరు తొందరపడితే అది తొందరపడదు. అది పులిసే టైములో మీరు చేయాల్సింది ఏమీ లేదు కూడా. పెసరట్టు ఇంకా సులువు, రాత్రి పెసలు నానబోసి పడుకుంటే పొద్దున అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బుకోవడమే, పులియాల్సిన పని లేదు. వారానికి ఇలాంటివి రెండు మూడు పెట్టుకుంటే పొద్దున పొయ్యి దగ్గర "ఇప్పుడేం చేయాలి" అన్న ప్రశ్నే ఉండదు.

ఇక్కడ మగవాళ్లకి ఒక మాట గట్టిగా చెప్పాలి. అమ్మ లేదా భార్య ఐదింటికి లేచి అన్నీ సర్దిపెడితే మీరు ఏడింటికి లేచి బాల్కనీలో కాఫీ తాగుతూ, ఈ మధ్య జీవితం ప్రశాంతంగా ఉందండీ అంటే, ఆ ప్రశాంతత ఆవిడ నిద్రలోంచి తీసుకున్నది. పనులు కాగితం మీద రాసి పేర్లు వేయండి. బాక్సులు కట్టేది ఎవరు, పిల్లకి జడ వేసేది ఎవరు, పాల ప్యాకెట్లు తెచ్చేది, మంచినీళ్ల క్యాను ఎత్తేది, రాత్రి గిన్నెలు ఎవరు. "సాయం చేస్తాను" అనే మాట వద్దు, ఏ పని మీదో అది పూర్తిగా మీదే, గుర్తుచేయించుకునే అవసరం కూడా లేకుండా. పదేళ్లు దాటిన పిల్లలకి కూడా పేరు వేయండి.

ఇదంతా కుదిరాక పొద్దున ఒక పావుగంట మిగులుతుంది. ఆ పావుగంటలో ఇంకో పని పెట్టకండి. ఊరికే కూర్చోండి, కాఫీ వేడిగా ఉండగానే తాగండి.

ఫోను

దీని గురించి ఉపదేశాలు అందరూ చేస్తారు, నేను చేయను. సెట్టింగులు చెప్తాను, దీని వంతు వచ్చిన రోజే మార్చేయండి.

పడగ్గదిలో ఫోను వద్దు. అలారం కోసమే అంటారా, చిన్న అలారం గడియారం కొనుక్కోండి. ఛార్జరు హాల్లో పెట్టండి.

షాపింగ్, ఫుడ్ డెలివరీ, వార్తల యాప్‌ల నోటిఫికేషన్లు అన్నీ ఆఫ్. బ్యాంకు, స్కూలు, ఇంటివాళ్ల కాల్స్ మాత్రం ఆన్. వాట్సాప్‌లో గ్రూపుల్ని మ్యూట్ చేసేటప్పుడు ఎనిమిది గంటలు, వారం అని అడుగుతుంది, ఎప్పటికీ అన్నదే నొక్కండి. గ్రూపులోంచి బయటికి రానక్కర్లేదు, పెద్దమ్మ నొచ్చుకుంటుంది, ఆర్కైవ్‌లో పెట్టేసి రోజుకి ఒకసారి మీకు వీలైనప్పుడు తెరిచి చూడండి. ప్రైవసీలోకి వెళ్లి రీడ్ రిసీట్స్ తీసేస్తే, గ్రూపుల్లో తప్ప, నీలం టిక్కులు కనపడవు, చూసి కూడా జవాబివ్వలేదేం అన్న గొడవ సగం తగ్గుతుంది. తర్వాత మీ దగ్గరివాళ్లు పదిమందికి ఒక మాట చెప్పండి: అర్జెంటైతే ఫోన్ చేయండి, మెసేజ్ పెడితే సాయంత్రం చూస్తాను. రెండు వారాల్లో అందరూ అలవాటు పడతారు. తెరను నలుపు తెలుపుగా మార్చే సెట్టింగు చాలా ఫోన్లలో ఉంది, రాత్రి తొమ్మిది నుంచి అలా పెట్టుకుంటే రీల్స్ మీద మోజు దానంతటదే తగ్గుతుంది.

ఇంకొకటి, నాకు బాగా పట్టింపు ఉన్న విషయం. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌ని ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు వేగంతో వినే సదుపాయం ఉంది. ఆఫీసువాటికి వాడుకోండి, తప్పు లేదు. ఊళ్లో ఉన్న అమ్మ పంపిన మెసేజ్‌ని మాత్రం మామూలు వేగంతోనే వినండి. ఆవిడ మాట్లాడుతూ మధ్యలో ఆగి, "ఆఁ, ఏం చెప్తున్నాను..." అని గుర్తుచేసుకునే ఆ ఆగడం కూడా వినండి. వీడియోలు, ఉపన్యాసాలు కూడా అంతే, ఒకటిన్నర రెట్లలో చూడాల్సినంత తొందర ఉందంటే అది అసలు చూడక్కర్లేనిది అయ్యుంటుంది.

రోజుకి ఒక పూట కూర్చుని తినండి

మూడు పూటలా అంటే కుదరదు. ఒక పూట, చాలా ఇళ్లకి రాత్రి భోజనం వీలవుతుంది. టీవీ ఆపి, ఫోన్లు హాల్లో ఛార్జింగులో పెట్టి, కింద చాప మీదో టేబుల్ దగ్గరో అందరూ ఒకేసారి.

మన భోజనానికి ఒక వరస ఉంది, పప్పు, కూర, పచ్చడి, తర్వాత చారు, చివర పెరుగో మజ్జిగో. ఆ వరసలో తింటే ఎంత తొందరున్న మనిషైనా ఐదు నిమిషాల్లో లేవలేడు, అన్నం మళ్లీ మళ్లీ పెట్టుకోవాలి, ఎవరో ఒకరు వడ్డించాలి, ఆ మధ్యలోనే మాటలు వస్తాయి. అన్నీ ఒకే ప్లేట్లో కలిపేసి సోఫాలోకి తీసుకెళ్లడం మొదలయ్యాక అవి పోయాయి. రోజూ అన్ని రకాలు వండమని కాదు, పప్పు, మజ్జిగ మాత్రమే ఉన్నా ఆ వరస పాటించొచ్చు. వడ్డించే పని రోజుకొకరిది, వండినవాళ్లది మాత్రం కాకూడదు, వండినవాళ్లు ముందు కూర్చోవాలి.

1986లో రోమ్ నగరంలో స్పానిష్ మెట్ల దగ్గర మెక్‌డొనాల్డ్స్ పెడుతున్నారని కార్లో పెట్రీని అనే ఇటలీ పెద్దమనిషి, ఆయన స్నేహితులు నిరసన చేశారు. దాంట్లోంచే స్లో ఫుడ్ ఉద్యమం పుట్టింది, 1989లో పారిస్‌లో చాలా దేశాలవాళ్లు కలిసి ప్రకటన మీద సంతకాలు పెట్టారు, దాని గుర్తు నత్త. వాళ్లు కోరింది స్థూలంగా ఇదే, ఏ ఊరి తిండి ఆ ఊరిది, ఏ కాలానిది ఆ కాలంలో, నలుగురితో కూర్చుని. మనకిది కొత్త పాఠం ఏమీ కాదు, ఎండాకాలం మొదట్లో చింతచిగురు, తర్వాత ముంజలు, వానలకి మొక్కజొన్న పొత్తులు, చలికాలం చిక్కుడు, కంది కాయలు అని తిన్నవాళ్లమే.

వీలైతే ఏడాదికి ఒక్క పెద్ద పని అందరూ కలిసి చేయండి. ఆవకాయ దానికి బాగా సరిపోతుంది. మార్కెట్లో కాయలు ఏరి, టెంకతో సహా ముక్కలు కొట్టించుకుని వచ్చి, లోపలి పొర తీసి ఒక్కో ముక్కా తడి లేకుండా తుడవాలి, అది ఒక్కరు చేస్తే నడుం పోతుంది, నలుగురు చేస్తే గంటన్నర కబుర్లు. ఆవపిండి, కారం, ఉప్పు, మెంతులు, నువ్వుల నూనె కలిపి జాడీలో పెట్టాక మూడో రోజు దాకా ఆగాలి, అప్పుడు తిరగకలిపి ఉప్పు చూడాలి. పిల్లలు రోజూ మూత తీసి చూస్తామంటారు. ఆగమని చెప్పండి. పదో నిమిషానికి గంట కొట్టి పార్శిల్ వచ్చే ఇంట్లో, మూడు రోజులు ఆగితే గానీ రుచి చూడలేని వస్తువు ఒకటి ఉండటం వాళ్లకి అవసరం.

కొనడం తగ్గించే లెక్క

హడావుడికి మూలం చాలామందికి పొద్దుటి వంటింట్లో లేదు, ఈఎంఐలో ఉంది. ఈ లెక్క ఒకసారి వేసి చూడండి. చేతికొచ్చే జీతం నెలకి 60,000 అనుకుందాం. ఆఫీసు 9 గంటలు, ప్రయాణం 3 గంటలు, మొత్తం రోజుకి 12, నెలకి 22 రోజులకి 264 గంటలు. అంటే మీ గంట విలువ సుమారు 227 రూపాయలు. 50,000 పెట్టి కొత్త ఫోను కొంటే 220 గంటలు, అంటే పద్దెనిమిది పనిదినాలు పొద్దున బయలుదేరి రాత్రి ఇంటికి చేరడం దానికే పోయింది. మీ జీతంతో మీ లెక్క మీరు వేసుకుని ఆ గంట ధర పర్సులో పెట్టుకోండి. కొనొద్దని కాదు. గంటల్లో చూశాక కూడా కావాలనిపిస్తే అప్పుడు హాయిగా కొనుక్కోండి. ఐదు వేలు దాటిన ఏ వస్తువైనా కార్టులో పెట్టి వచ్చే నెల జీతం దాకా ఆగడం ఒక్కటి పెట్టుకున్నా చాలా మార్పు వస్తుంది.

కూరగాయలకి రైతు బజారుకి వెళ్లండి, 1999లో మొదలైన ఈ బజార్లు ఇప్పుడు చాలా ఊళ్లలో ఉన్నాయి. వారానికి ఒకసారి, పొద్దున్నే, పిల్లల్ని ఒకళ్లని వెంటబెట్టుకుని. ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి, అయిపోయిన సరుకు అయిపోగానే రాస్తూ ఉంటే, రోజూ పది నిమిషాల డెలివరీ యాప్ తెరిచే అవసరం ఉండదు. కొత్తిమీర కట్ట కోసం వానలో సిగ్నళ్ల మధ్య ఒక కుర్రాడు బండి మీద పరుగెత్తుకు రావాల్సిన అవసరం కూడా ఉండదు. మన తీరిక అతని హడావుడి మీద నిలబడకూడదని నాకనిపిస్తుంది. తప్పనిసరై తెప్పించుకున్నా, లేటయిందని అతన్ని అడగకండి.

ప్రయాణాలు

గూగుల్ మ్యాప్ నలభై నిమిషాలు అంటే గంట పెట్టుకోండి. ముందే చేరితే నష్టం ఏమీ లేదు, ఆ ఇరవై నిమిషాలు మీవే. హైదరాబాద్‌లో మెట్రో దారిలో ఉన్నవాళ్లు వారానికి రెండు రోజులైనా బండి ఇంట్లో వదిలేయండి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా కూర్చోడానికి సీటు దొరికితే ఒక కథ పూర్తిగా చదవొచ్చు, అదే దూరం కారులో అయితే బ్రేకు మీద కాలు తీయకుండా గడుస్తుంది. ఒక స్టేషన్ ముందు దిగి నడిచి రావడం కూడా మంచి అలవాటు, అయితే ఫుట్‌పాత్ ఉన్న దారి చూసుకోండి.

సెలవులకి వెళ్లేటప్పుడు రెండు రోజుల్లో ఐదు గుళ్లు, మూడు జలపాతాలు అన్న ప్యాకేజీలు వదిలేయండి. ఒక్క చోటు ఎంచుకుని మూడు రాత్రులు ఉండండి. ఉదాహరణకి అరకు అనుకుంటే, విశాఖపట్నంలో పొద్దున కిరండూల్ ప్యాసింజర్ ఎక్కండి. కారులో కంటే ఆలస్యంగా చేరుతుంది, కానీ సొరంగం తర్వాత సొరంగం, మధ్యమధ్య లోయలు, బొర్రా గుహల దగ్గర స్టేషను, పల్లీలు, జామకాయలు అమ్ముతూ ఎక్కేవాళ్లు, ఇదంతా ప్రయాణంలోనే దొరుకుతుంది. అక్కడ రెండో రోజు ఏ ప్లానూ పెట్టుకోకండి. సంతరోజు కలిసొస్తే సంతకెళ్లండి, లేకపోతే నడవండి.

ఊళ్లోనే ఉండేవాళ్లకి గ్రంథాలయాలున్నాయి, వాటి సంగతి మనం మర్చిపోయాం. హైదరాబాద్ సుల్తాన్ బజార్లో 1901 నుంచి నడుస్తున్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం, రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం, వేటపాలెంలో 1918లో స్థాపించిన సారస్వత నికేతనం. మీ ఊళ్లో జిల్లా గ్రంథాలయమో శాఖా గ్రంథాలయమో ఉండే ఉంటుంది. వారానికి ఒక సాయంత్రం గంట అక్కడ గడపండి. ఎవరూ మీతో మాట్లాడరు, ఎవరికీ మీరు జవాబు చెప్పక్కర్లేదు, పైసా ఖర్చు లేదు.

ఆఫీసు, అమెరికా కాల్స్

ఉద్యోగంలో మన చేతిలో ఉన్నది తక్కువే, కానీ అసలు లేకపోలేదు. క్యాలెండర్‌లో మధ్యాహ్నం భోజనం ముప్పావు గంట మీటింగ్‌లాగే బ్లాక్ చేసుకోండి, రోజూ. గంట మీటింగ్‌ని యాభై నిమిషాలకి పెట్టండి, మిగతా పదీ లేచి నడవడానికి. అమెరికా టీమ్‌తో పనిచేసేవాళ్లకి వాళ్ల గడియారం మారినప్పుడల్లా సాయంత్రాలు తారుమారవుతాయి, న్యూయార్క్‌కీ మనకీ వేసవిలో తొమ్మిదిన్నర గంటల తేడా, చలికాలం పదిన్నర. మార్చిలో, నవంబరులో ఆ మార్పు వచ్చే వారానికి ముందే మేనేజర్‌తో కూర్చుని ఏ రెండు రాత్రులు మీరు కాల్స్‌లో ఉండరో తేల్చుకోండి. నెమ్మదిగా పనిచేస్తానని చెప్పకండి, మంగళవారం, గురువారం రాత్రి ఎనిమిది తర్వాత ఉండను, అర్జెంటైతే ఫోన్ చేయండి అని రోజులు చెప్పి అడగండి, అలా అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

పిల్లలు విదేశాల్లో ఉన్న అమ్మానాన్నలకి, అక్కడున్న పిల్లలకి కూడా ఒక మాట. రోజూ కారులో డ్రైవ్ చేస్తూ మూడు నిమిషాలు "తిన్నావా, బాగున్నావా, సరే ఉంటా" అనే బదులు, వారానికి ఒకసారి, మనకి ఆదివారం పొద్దున, వాళ్లకి శనివారం రాత్రి, గంట పెట్టుకోండి. ఇద్దరూ చేతిలో వేరే పని లేకుండా. మొదటి పది నిమిషాలు మామూలు మాటలే నడుస్తాయి, అసలు కబుర్లు తర్వాత వస్తాయి.

కుదరని వారాల్లో ఏం చేయాలి

పరీక్షలు, ఆస్పత్రి, ప్రాజెక్టు రిలీజు, సంక్రాంతికి ఊరు వెళ్లే వారం, ఇంటికి చుట్టాలు దిగిన వారం, ఇవి వస్తూనే ఉంటాయి. ఆ వారాల్లో పైన చెప్పినవన్నీ పట్టుకుని కూర్చోకండి, అన్నీ వదిలేయండి. ఒక్కటి మాత్రం ఉంచుకోండి, రాత్రి పూట అందరూ కలిసి కూర్చుని తినడం. వంట చేయలేకపోతే హోటల్ నుంచి ఇడ్లీ పార్శిల్ తెచ్చుకున్నా ఫర్వాలేదు, పొట్లం విప్పి ప్లేట్లలో పెట్టుకుని, చట్నీ గిన్నెలోకి వంచుకుని, కూర్చుని తినండి. ఆస్పత్రిలో ఉంటే క్యాంటీన్ బెంచీ మీదైనా ఇద్దరు కలిసి. ఆ వారం గడిచాక మిగతావి ఒక్కొక్కటే తిరిగి మొదలుపెట్టండి, రాత్రి సర్దుకునే ఇరవై నిమిషాలతో మొదలుపెడితే తేలికగా ఉంటుంది.